నవ్వితే టార్చి లైటా? జంటనగరాల థియేటర్ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సికింద్రాబాద్, హైదరాబాద్ సినిమా థియేటర్ల యాజమాన్యాలకు, ఏ సినిమాకు ఎన్ని ఆటలు వేయాలో నిర్ణయించే పంపిణీదారులకు,

జపాన్ బొమ్మల సినిమాలు, అంటే అనిమే చూసే ప్రేక్షకుడికి నవ్వు రావడానికి తెర మీద జోకు పడనక్కర్లేదు. పాత్ర నోరు విప్పకముందే అతడు నవ్వుతాడు. 'డీమన్ స్లేయర్' జెనిత్సు కనిపించాడో లేదో వెనక వరసలో ఎవరో దొంగ ఏడుపు అందుకుంటారు. అందులోనే గియూ ఒంటరిగా నిలబడితే పక్క వరస నుంచి "మేమున్నాంలే అన్నా" అని ఓదార్పు వినిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మీ సిబ్బంది చేతిలోని టార్చి లైటు ఆ వరస మీద పడుతుంది. "బొమ్మల సినిమాకి గింత లొల్లేంది?" అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. ఈ లేఖ ఆ ప్రశ్నకు జవాబు, ఆ టార్చి లైటు మీద ఫిర్యాదు.

ఈ నవ్వు ఎక్కడిదో తెలియాలంటే బొమ్మ ఎలా తయారవుతుందో చూడాలి. 1963 జనవరి 1న ఒసాము తెజుకా బొమ్మల సీరియల్ 'టెట్సువాన్ ఆటమ్' జపాన్ టీవీలో మొదలైంది. వారం వారం అరగంట బొమ్మ అందించాలి; అందుకు తగ్గ డబ్బు లేదు, మనుషులూ లేరు. సెకనుకు పన్నెండు నుంచి ఇరవై నాలుగు బొమ్మలు గీసే అమెరికా పద్ధతి వాళ్ల తాహతుకు మించినది. తెజుకా బృందం ఎనిమిదితో, కొన్నిచోట్ల అంతకంటే తక్కువతో సరిపెట్టింది. గీసిన బొమ్మనే మళ్లీ మళ్లీ వాడింది. పాత్ర కదలకుండా కళ్లు మాత్రం పెద్దవి చేయడం, ముఖాన్ని రెండు మూడు సెకన్లపాటు అలాగే నిలిపేయడం అప్పుడే అలవాటయ్యాయి. జపాన్ బొమ్మల కథలైన మాంగా పేజీల నుంచి నుదుటి మీది చెమట చుక్క, కణత మీద ఉబ్బిన నరం వచ్చి చేరాయి. ఖర్చు తగ్గించుకోవడానికి పుట్టిన ఈ పద్ధతి తర్వాత శైలిగా స్థిరపడింది. మీమ్ చేసేవాళ్లకు పండగ తెచ్చింది ఆ నిలిచిపోయిన ముఖమే. ఉరుకులు పరుగుల మీదున్న బొమ్మను ఆపి చూస్తే గజిబిజిగా ఉంటుంది. ముందే ఆగి ఉన్న ముఖాన్ని కత్తిరించి, కింద నాలుగు మాటలు రాసుకుంటే చాలు.

తెలుగు ప్రేక్షకుడికి ఈ పాఠం ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 'అహ నా పెళ్ళంట' (1987) అరగుండు దగ్గర్నుంచి 'మనీ' (1993) ఖాన్ దాదా, 'రేసుగుర్రం' (2014) కిల్ బిల్ పాండే దాకా బ్రహ్మానందం ముఖం మీద కెమెరా నిలిచిన క్షణాలే తెలుగు రాష్ట్రాల్లో మీమ్‌లకు మూలధనం. అవతలివాడి మాట పూర్తయ్యాక ఆయన ముఖం మీదకు కట్ చేసి, అక్కడ ఒక్క క్షణం అదనంగా ఉంచడం మన ఎడిటర్లకు దశాబ్దాలుగా వచ్చిన విద్య. అందుకే తెలుగు కుర్రాళ్లు చేసే మీమ్‌లలో పైగడిలో 'జుజుత్సు కైసెన్' గోజో, కిందిగడిలో బ్రహ్మానందం ఇంత సులువుగా ఇమిడిపోతారు. టోక్యోలో గీసిన ముఖం, హైదరాబాద్‌లో తీసిన ముఖం ఒకే పని చేస్తున్నాయి. ఆ జోడీ చూసి హాల్లో నవ్వేవాడిని పరాయి సంస్కృతి మోజులో కొట్టుకుపోతున్నాడనడం ఏం న్యాయం?

ఏ పాత్రకు ఏ నవ్వో అభిమానుల మధ్య ఏనాడో స్థిరపడిపోయింది. 'డీమన్ స్లేయర్'లో జెనిత్సు దారిన పోయే అమ్మాయిని పట్టుకుని, చచ్చేలోగా పెళ్లి చేసుకోమని బతిమాలుతాడు. భయంతో స్పృహ తప్పాకే అతడిలోని వీరుడు లేస్తాడు. వైవా ముందు రోజు ఇంజినీరింగ్ విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి బంధువు దొరకడు. గియూ సంగతి వేరు. తోటి యోధురాలు షినోబు ఒకసారి అతడిని ఎవరూ ఇష్టపడరని ఎత్తిపొడిచింది. పాపం, ఇన్నేళ్లయినా అభిమానులు ఆ మాటను వదల్లేదు. ఇనోసుకే అడవిపంది తల తగిలించుకుని, సాటివాళ్ల పేర్లు సరిగా పలకకుండా తిరుగుతాడు. హాజరు పిలిచేటప్పుడు పేర్లు ఖూనీ చేసే మాస్టార్లందరికీ అతడే ప్రతినిధి. ఇక రాక్షసుల ఫ్లాష్‌బ్యాకులు. తెలుగు సినిమాలో హీరో గతం ఇంటర్వెల్ తర్వాత తెలుస్తుంది, ఇందులో విలన్ గతం తల తెగాక తెలుస్తుంది. అంతసేపూ తిట్టుకున్నవాడి కోసం చివరి పది నిమిషాల్లో కళ్లు తుడుచుకోవాల్సి రావడం మీదే సగం మీమ్‌లు.

'జుజుత్సు కైసెన్' గోజోది వీటన్నిటిలోకీ క్రూరమైన నవ్వు. ఓడిపోతావా అని అడిగితే, లేదు గెలుస్తానని తాపీగా చిరునవ్వుతో చెబుతాడు. 2023లో మాంగా పత్రికలో వచ్చిన ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో అదే పత్రిక అతడిని రెండు ముక్కలు చేసి చూపించింది. ధీమాకూ దాని పర్యవసానానికీ మధ్య దూరం చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు. 2024లో బెంగళూరు మీద 287 పరుగులు కొట్టిన సన్‌రైజర్స్, ఆ సీజన్ ఫైనల్లో 113కే కుప్పకూలింది. ఉప్పల్ స్టేడియానికి నాలుగు మైళ్ల దూరంలో ఉండేవాళ్లకు గోజో చిరునవ్వు అర్థం ఎవరైనా విడమరచి చెప్పాలా?

పాత మీమ్‌లూ చావలేదు. 1991 నాటి 'ఫైబర్డ్' అనే సీరియల్లో ఒక పాత్ర సీతాకోకచిలుకను చూపించి, ఇది పావురమా అని అడుగుతుంది. జనరల్ బజార్‌లో బళ్లు బారులు తీరిన చోటును చూపించి ఇది ఫుట్‌పాతా అని అడగాలన్నా ఆ బొమ్మే గతి. నరుటో చేతులు వెనక్కి పెట్టి పరిగెత్తే తీరు, సికింద్రాబాద్ స్టేషన్లో ఒకటో ప్లాట్‌ఫారం నుంచి పదో ప్లాట్‌ఫారానికి ఉరికేవాళ్లకు అచ్చంగా సరిపోతుంది. 'వన్ పీస్' జోరోకు దిక్కులు తెలియవు. ప్యారడైజ్ దగ్గర దింపి క్లాక్ టవర్‌కు రమ్మంటే మౌలాలిలో తేలే రకం.

ఇన్ని నవ్వులు మోసుకొచ్చేవాడు హాల్లోకి ఒంటరిగా రాడు. ఫోన్లో ఒంటరిగా నవ్వుకున్న ప్రతి మీమ్‌నూ నలుగురి మధ్య సరిచూసుకోవడానికి వస్తాడు. పక్కవాడూ అదే చోట నవ్వితే, ఇద్దరికీ పరిచయం అక్కర్లేదు. టికెట్ కొన్నవాడికి మీ హాలు ఇచ్చేది ఇదే. ఇంట్లో తెర ఎంత పెద్దదైనా ఇది దొరకదు. ఓటీటీ వల్ల జనం రావట్లేదని ప్రతి సమావేశంలో వాపోయే మీరు, నలుగురితో కూర్చుని నవ్వడానికే పని గట్టుకుని వచ్చినవాడి మీద లైటు వేయడంలో ఏ వ్యాపార సూత్రం ఉంది?

2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' జపనీస్, ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు భాషల్లో ఈ దేశంలో విడుదలైంది. 155 నిమిషాల సినిమా. అదే రోజు 'మిరాయ్', 'కిష్కింధపురి' వచ్చాయి. రెండు వారాలు తిరిగేసరికి 25న 'ఓజీ', ఆ మర్నాడే 'చైన్‌సా మ్యాన్' సినిమా. జపాన్ నేపథ్యం, సమురాయ్ కత్తి ఉన్న 'ఓజీ' లాంటి తెలుగు సినిమాకు కాగితాలు ఎగరేసి, సీట్ల మీదెక్కి ఈలలు వేస్తే అది పండగ. ఆ కత్తి సొంతూరు నుంచే వచ్చిన సినిమాకు చప్పట్లు కొడితే అది అల్లరి. ఒకే హాలు, ఒకే నెల, ఒకే వయసు కుర్రాళ్లు. తేడా ఎక్కడుందో మీరే చెప్పాలి.

జపాన్ ప్రేక్షకులు సహజంగా నిశ్శబ్దంగా సినిమా చూస్తారు. చివరి అక్షరాలు వెళ్లిపోయేదాకా లేవరు. అయినా అక్కడ అరుపులకు వేరే ఆటలు ఉన్నాయి. 2016లో 'కింగ్ ఆఫ్ ప్రిజం' అనే అనిమే ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. ఫలానా ఆటలో కేకలు వేయవచ్చని టికెట్ అమ్మేటప్పుడే చెబుతారు. రంగు లైటు కర్రలు తెచ్చుకోవచ్చు, పాత్రల వేషాలు వేసుకురావచ్చు, తెర మీది మాటకు ఎదురు మాట అనవచ్చు. 'బాహుబలి' రెండో భాగం అక్కడ ఇలాంటి ఆటల్లోనూ ఆడింది. 2018 ఏప్రిల్‌లో రాజమౌళి టోక్యోలో ఆ అరుపుల మధ్య నిలబడి వచ్చారు. 2022 అక్టోబరు 21న విడుదలైన 'ఆర్ఆర్ఆర్', 1998 నుంచి 'ముత్తు' పేరిట ఉన్న వసూళ్ల రికార్డును అక్కడ దాటేసింది. 2024 జనవరిలో తకరాజుకా నాటక బృందం దాన్ని రంగస్థలం మీదకు ఎక్కించింది. ఆ బృందంలో మగ వేషాలు కూడా ఆడవాళ్లే వేస్తారు. మాటకు ముందు తలవంచే జపాన్ ప్రేక్షకులు తెలుగు సినిమా కోసం గొంతు చించుకోవడానికి ఒక వేళ, ఒక చోటు ఏర్పాటు చేసుకున్నారు. ఈలలకు పుట్టిల్లయిన ఊళ్లో వాళ్ల సినిమాకు మనం నోటి మీద వేలేసుకుని కూర్చోవాలా?

సికింద్రాబాద్ గురించి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. ఇది కంటోన్మెంట్ ఊరు, రైల్వే ఊరు. ఇంగ్లీషు సినిమా అంటే సంగీత్, టివోలి అని జంటనగరాలు ఇటు వచ్చిన కాలం ఒకటుంది. మారేడ్‌పల్లి, పద్మారావునగర్‌లో తమిళ కుటుంబాలు, జనరల్ బజార్ దుకాణాల్లో హిందీ, తిరుమలగిరి వైపు దేశం నలుమూలల నుంచి వచ్చిన సైనిక కుటుంబాలు, లాలాగూడలో రైల్వేతో పాటు స్థిరపడిన ఆంగ్లో ఇండియన్లు, వీళ్లందరి చుట్టూ తెలుగు. ఐదు భాషల్లో వచ్చిన సినిమాకు ఒక్క జపనీస్ తప్ప తక్కిన నాలుగూ ఇంటి భాషలుగా ఉన్న ఊరు ఇది. ఆ ఐదోది కూడా సబ్‌టైటిళ్లతో వినీ వినీ సగం పట్టేసిన పిల్లలు ఉన్నారు. కామిక్ కాన్ రోజుల్లో అట్టముక్క కత్తి భుజాన వేసుకుని పరేడ్ గ్రౌండ్ స్టేషన్లో మెట్రో ఎక్కి, తనిఖీ దగ్గర అది ఆయుధం కాదని ఒప్పించి, హైటెక్స్ దాకా వెళ్లేది వీళ్లే. నగరానికి ఆ చివర్న ఏడాదికోసారి జరిగే జాతర కోసం అంత దూరం పోయేవాళ్లు, ఇంటి పక్క హాల్లో ఏడాదికి నాలుగైదు సార్లు రారా?

మీ వైపు నుంచి వినిపించే మొదటి వాదన, ఇవి పిల్లల సినిమాలన్నది. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, ప్రభుత్వాలూ చేశాయి. 2006లో ఇక్కడి టీవీలోకి వచ్చిన 'షించాన్' పిల్లల్ని చెడగొడుతోందని 2008లో కేంద్రం నిలిపివేయించింది. మరుసటి ఏడాది కత్తిరింపులతో తిరిగొచ్చింది. యోషితో ఉసుయి 1990లో ఆ బొమ్మలు మొదలుపెట్టింది పెద్దవాళ్లు చదివే పత్రికలో. ఐదేళ్ల పిల్లాడి కథ కదా అని పిల్లల ఛానెల్లో వేసి, ఆ తర్వాత ఉలిక్కిపడితే తప్పు షించాన్‌దా? బొమ్మ అంటే పసితనమని గట్టిగా నమ్మడం వల్ల జరిగే అసలు నష్టం హాల్లోనే కనిపిస్తుంది. కార్టూన్ అనుకుని నాలుగేళ్ల పాపతో వచ్చిన కుటుంబం మొదటి తల తెగగానే లేచిపోతుంది. 2024 నుంచి సెన్సార్ సర్టిఫికెట్‌లో యూఏ 7+, 13+, 16+ అని వయసులు విడివిడిగా వేస్తున్నారు. ఆ అంకె తల్లిదండ్రులకు కనబడేలా టికెట్ కిటికీ దగ్గర పెట్టడం ఎవరి బాధ్యత? నవ్వేవాడి మీద పడే లైటులో పదో వంతు ఆ అంకె మీద పడితే ఎన్ని కుటుంబాలకు మేలు జరిగేది!

ఇదే జపాన్ బొమ్మలో పిల్లాపెద్దా కలిసి చూడగలిగినవీ ఉన్నాయి. యుగో సాకో జపాన్, భారత చిత్రకారులతో తీసిన రామాయణం 1990ల మొదట్లో పూర్తయింది. 2025 జనవరి 24న తెలుగుతో సహా నాలుగు భాషల్లో హాళ్లకు వచ్చింది. దానికి వచ్చే ప్రేక్షకుడు వేరు, చూసే తీరు వేరు. అక్కడ ఎవరూ ఇనోసుకే గొంతు అనుకరించరు. అనిమే అంతా ఒకే గాటన కట్టాల్సినది కాదని అభిమానులకు తెలుసు, మీరే గుర్తించాలి.

రెండో వాదన భద్రత. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో 'పుష్ప 2' ఆట దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ తర్వాత గుంపు అంటే మీకు భయం పుట్టడంలో తప్పేమీ లేదు. మరుసటి నెలలో పదహారేళ్లలోపు పిల్లల్ని వేళకాని వేళల్లో ఆటలకు అనుమతించడంపై హైకోర్టు ఆంక్షలు పెట్టి, తర్వాత సడలించింది. అయితే ఆ ప్రమాదం గేటు దగ్గరి తోపులాటలో పుట్టింది, సీట్లో కూర్చున్నవాడి నవ్వులో కాదు. అనిమే అభిమాని ఎదురుచూసే హీరో కాగితం మీది బొమ్మ. కారు దిగి చెయ్యి ఊపడు, ఎవరినీ తోయనివ్వడు. ఇంతకన్నా భద్రమైన తార మీకు ఎక్కడ దొరుకుతాడు?

మూడో వాదనలో నిజం ఉంది. పక్కవాడు ప్రశాంతంగా చూడాలనుకుంటాడు, అతడూ డబ్బు పెట్టాడు. 'ఇన్ఫినిటీ కాజిల్'లో రాక్షసుడు అకాజా గతం నడిచేంతసేపూ గుసగుస కూడా భరించలేని ప్రేక్షకులు ఉన్నారు. నిజానికి ఆ ఘట్టంలో గోల చేసేవాడిని ముందుగా కసిరేది తోటి అభిమానులే. జెనిత్సు ఈ భాగంలో భయంతో ఏడవడు. పాత తోటి శిష్యుడితో తేల్చుకోవడానికి మొదటిసారి మెలకువలోనే బరిలోకి దిగుతాడు. అతడి ఏడుపు కోసం నవ్వుతూ కాచుకున్న హాలు ఆ మౌనానికి తానూ మౌనమైపోవడమే దానికి అసలైన స్పందన. ఏ చోట నవ్వాలో తెలిసినవాడికి ఏ చోట ఆగాలో కూడా తెలుసు. తెలియనివాళ్లూ కొందరు ఉంటారు. మాంగా ముందే చదివేసి, తర్వాత ఎవరు చస్తారో గట్టిగా చెప్పేవాడిని మీరు మెడపట్టి బయటికి పంపినా ఎవరూ అడ్డు రారు. ఫోన్ ఎత్తి తెరను రికార్డు చేసేవాడి సంగతి అంతకన్నా సూటిగా ఉంది. 2023 సవరణ తర్వాత సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అది మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా పడే నేరం. మీ టార్చి లైటు పడాల్సిన చోటు అది. దొంగతనంగా తీస్తున్న ఫోన్ మీద పడని వెలుతురు నవ్వే ముఖం మీద ఎందుకు పడుతోంది?

ఈ లేఖ అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి అనిమే విడుదలకూ మొదటి వారాంతంలో ఒక ఆటను కేకల ఆటగా ముందే ప్రకటించండి. బుకింగ్ పేజీలో చిన్న గుర్తు పెడితే చాలు. నిశ్శబ్దం కావాల్సినవాళ్లు వేరే ఆటకు వెళ్తారు. ఆ ఆట తెలుగు వెర్షన్‌ది అయితే మరీ మంచిది. పాత్ర సొంత భాషలో మాట్లాడినప్పుడే హాలు దానికి తిరిగి జవాబు చెప్పగలుగుతుంది. పొద్దున్నే లేచి రాగలిగేవాళ్లకే కాక ఉద్యోగం, కోచింగ్ సెంటర్ ముగించుకుని వచ్చేవాళ్లకూ అందేలా ఆ ఆట సాయంత్రం పడాలి. మాదాపూర్ వైపే కాకుండా ప్యారడైజ్ ఇవతలి హాళ్లలోనూ పడాలి. కాగితం ముక్కలు వద్దంటే మానేస్తారు, సీట్లు ఎక్కవద్దంటే ఎక్కరు. నియమాలేమిటో ముందే చెప్పండి. సవాలక్ష నియమాలున్న 'జుజుత్సు' మంత్రశక్తులను కంఠతా పెట్టినవాళ్లకు నాలుగు నియమాలు ఒక లెక్కా?

వినతికి విలువ ఉంటుందని ఇదివరకే తేలింది. 2019లో మకోటో షింకాయ్ 'వెదరింగ్ విత్ యూ' ఇక్కడి హాళ్లలో వేయమని దేశమంతటి అభిమానులు సంతకాలు సేకరించారు. ఆ ఏడాది అక్టోబరు 11న సినిమా వచ్చింది. అప్పుడు వాళ్లు అడిగింది సినిమా. ఇప్పుడు సినిమాలు వాటంతటవే వస్తున్నాయి, తెలుగులోనూ వస్తున్నాయి. 'ఇన్ఫినిటీ కాజిల్' మూడు భాగాల్లో మొదటిది మాత్రమే; మిగతా రెండింట్లో ఇంకెంతమంది రాక్షసులు తల తెగాక గతం విప్పుతారో మాంగా చదివినవాళ్లకు తెలుసు, వాళ్లు చెప్పకుండా ఉంటే బాగుండును. రెండో భాగానికి మీరు బుకింగ్ తెరిచే రోజున ఏదో ఒక సాయంత్రం ఆట పక్కన ఆ చిన్న గుర్తు ఉంటుందా?

ఇట్లు,
సికింద్రాబాద్ అనిమే ప్రేక్షకుల తరఫున